కొబ్బరుండ పట్టుకున్న చేతులు

నాకు చేతులు వెయ్యడం రాదని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లలో ఒక మాట ఉంది. ముందు ఎవరన్నారో కూడా నాకు తెలుసు. నా బొమ్మల్లో అమ్మలు చేతులు కొంగు కింద పెట్టుకుంటారు, అమ్మమ్మలు బుట్ట వెనక దాచుకుంటారు, పంతులమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. పోయిన ఏడాది టెక్కలిలో ఒక బడివాళ్లు పిల్లల ముందు బొమ్మలు వేసి చూపించమని పిలిస్తే వెళ్లాను. మూడో తరగతి గుంట ఒకతె లేచి, "మేడమ్, మీ బొమ్మల్లో అమ్మలకి సేతులుండవేటి?" అని అడిగింది. టీచరుగారు దాన్ని కూర్చోమని గదమాయించారు. నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది, కోపంలో నాకు మాటలు బాగా వస్తాయి.

నాకు చేతులు వెయ్యడం వచ్చు. ఒక జత చేతుల్ని నా జన్మలో ఇంకేదీ వెయ్యనంత బాగా వేశాను. వాటిని నా చేత్తో నేనే చెరిపేశాను కూడా.

మాది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న వేటకు పోయే మనిషి, ఒడ్డున ఉన్న రోజుల్లో వల ముందేసుకుని మాటాపలుకూ లేకుండా కూర్చునేవాడు. నన్ను పెంచింది మా అప్ప. మావైపు అక్కని అప్ప అంటాం. నాకంటే పదకొండేళ్లు పెద్దది. ఊళ్లోనే ఉంటే చెల్లి కూడా చేపల బుట్టే ఎత్తాల్సి వస్తుందని నన్ను చంకనేసుకున్నంత పని చేసి, పూండిలో పాసింజరెక్కి, పలాసలో దిగింది. కాశీబుగ్గలో ఒక గది తీసుకుని జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. సంబంధాలు వస్తే, "మరి దీన్నేటి సెయ్యను?" అని నన్ను చూపించేది. వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోయేవారు.

అప్పది పిక్కలు కోసే పని. ఉడకబెట్టిన జీడిపిక్కను ఎడమచేత్తో మిషన్ పళ్ల మధ్య పెట్టి, కుడిచేత్తో పిడి నొక్కితే పెంకు రెండుగా విడిపోతుంది. లోపలి పప్పు తెల్లగా వస్తుంది గానీ, పెంకులోంచి కారే జీడి వేళ్లను పట్టుకుంటుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా అంతే. ముందు చర్మం పొక్కుతుంది, ఊడుతుంది, ఆ తర్వాత నల్లబడి అలాగే ఉండిపోతుంది. అప్ప ఎడమచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు కణుపుల దాకా నలుపు. చూపుడువేలి గోరు ఒక మూల లేదు, కొత్తలో మిషన్ కొరికేసింది. పని మానేస్తే కొన్నాళ్లకు కొత్త చర్మం వచ్చి వేళ్లు మళ్లీ తెల్లబడతాయి. కానీ మా పేటలో పని మానేదెవరు? అందుకే అక్కడి ఆడవాళ్లకు ఒక పలకరింపు ఉండేది. ఎవరి చేతులైనా శుభ్రంగా కనబడితే, "ఏటే, సేతులు తెల్లబడ్డాయి, ఒంట్లో బాగోనేదేటి?" అని అడిగేవారు. తెల్లచేతులు బాలింతకు ఉంటాయి, లేదంటే మంచాన పడ్డదానికి ఉంటాయి.

ఈ పలకరింపు నేను వేలసార్లు విన్నాను. విని కూడా ఆ పని చేశాను, అదీ నా తెలివి.

నన్ను పెద్ద బడిలో వెయ్యడానికి వెళ్లిన రోజు గుమాస్తా వేలిముద్ర వెయ్యమన్నాడు. అప్పకు సంతకం రాదు. ఆమె చెయ్యి చూసి, నీకు ఇంకు అక్కర్లేదమ్మా, అలాగే అద్దెయ్యి అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. అప్ప కూడా నవ్వింది. నేను మాత్రం బయటికొస్తూ వాడి గుమ్మంలో ఉమ్మేసి వచ్చాను, దానికి అప్ప నన్ను రోడ్డు మీదే రెండు అంటించింది. అంటించిన చెయ్యి ఆ తర్వాత కొంగు కిందకు పోయింది. అప్పట్నుంచి బయటివాళ్ల ముందు, బస్సులో, ఎవరైనా ఫొటో తీస్తున్నప్పుడు అప్ప చేతులు కొంగు కిందే ఉండేవి. మా దగ్గరున్న నాలుగు ఫొటోల్లోనూ అప్పకు చేతులు లేవు.

నాకు మొదటి రంగుల పెట్టె కొన్నది అప్పే. ఆ రంగులతో పదో ఏట ఒక మేకను వేశాను. బడిలో పోటీ, మర్నాడు ఇవ్వాలి. అప్ప పని నుంచి వస్తూనే ఆ కాగితం తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. కింద పెట్టేసరికి మేక పొట్ట పక్కన నల్లగా బొటనవేలి ముద్ర. నేను ఇల్లు పీకి పందిరేశాను. నీ చేతులతో నా బొమ్మ ముట్టుకోవద్దన్నాను. ఆ మాట అన్నాను. కాగితం నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాను. అప్ప ఆ పొయ్యి మీదే అన్నం వండింది. ఆ రోజు నుంచి నా కాగితాలు చూడాల్సి వస్తే రెండు మణికట్ల మధ్య పట్టుకుని చూసేది. నేను పెద్దదాన్నయి, ఎన్నిసార్లు పరవాలేదు పట్టుకో అన్నా, మణికట్లే.

అలా నేను బొమ్మలు వేసేదాన్నయ్యాను. హైదరాబాదు నుంచి కథ వస్తుంది, పదహారు పేజీలో ఇరవై నాలుగో. ఏ పేజీలో ఏ మాట వస్తుందో చూసుకుని, దానికి చోటు వదిలి, ముఖాలు పుస్తకం మడతలో పడకుండా బొమ్మ వెయ్యాలి. కాశీబుగ్గలో నా ఇంటి వెనక వరండా నా ఆఫీసు. అప్ప నాతోనే ఉండేది. చదువు రాకపోయినా నా పుస్తకాలన్నీ అప్పకు వచ్చు, బొమ్మలు చూసి కథ చెప్పేది. ఒక్కోసారి అసలు కథ కంటే అదే బాగుండేది.

నాలుగేళ్ల కిందట ఒక కథ వచ్చింది. మొదటిరోజు బడికి వెళ్లే పిల్లకు అమ్మ కొబ్బరుండ ఇస్తుంది. బడి వదిలేదాకా దాచుకోమంటుంది. పిల్ల దాన్ని రోజంతా కాపాడుకుంటుంది, అంతే కథ. ఆరో పేజీ నిండా రెండు చేతులే ఉండాలి, అమ్మ చేతుల్లో కొబ్బరుండ. చదవగానే నాకు అవి ఎవరి చేతులో తెలిసిపోయింది. అడగడానికి రెండ్రోజులు పట్టింది. ఆ ఏడాదే అప్పకు కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో అదేమీ వింత కాదు, మా ఊళ్లలో మనిషిని కలిస్తే భోంచేశావా తర్వాత రెండో మాట రక్తపరీక్షలో ఎంతొచ్చిందనే. అప్ప అప్పటికింకా పనికి వెళుతూనే ఉంది.

నేను అడిగితే లేచి వెళ్లి నిజంగానే కొబ్బరి కోరి, బెల్లం పాకం పట్టి, ఉండలు చుట్టింది. వరండాలో పీట వేసుకుని కూర్చుని, కొంగు నడుముకు దోపి, రెండు చేతులూ నా ముందుకు చాపింది. ఒక ఉండ పట్టుకుని మధ్యాహ్నమంతా అలాగే కూర్చుంది. బెల్లానికి చీమలు వస్తే ఊదుకుంటూ కూర్చుంది గానీ చెయ్యి కదపలేదు. నేను ఆ నలుపు వేశాను, కణుపుల దగ్గర అది గోధుమరంగులోకి దిగడం వేశాను, మూల లేని గోరు వేశాను. వేస్తూ ఏడ్చాను, బాగా వచ్చిందని. చూపిస్తే అప్ప చాలాసేపు చూసి, "అచ్చం నాయే" అంది. తర్వాత ఆ ఉండ నా నోట్లో పెట్టింది.

పుస్తకం పని నెలల తరబడి సాగింది. ఈలోగా అప్ప జబ్బు ముదిరింది. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రిలో డయాలసిస్. పని మానేసింది. పని మానేశానన్న బెంగను పుస్తకం మాటలతో తీర్చుకునేది. వార్డులో అందరికీ చెప్పిందట: నా సేతులు పుస్తకంలో అచ్చవుతన్నాయి, పిక్కలు కోసిన సేతులు, మా సెల్లి ఏసినాది అని. జన్మంతా దాచుకున్న చేతుల్ని గురించి ముక్కూముఖం తెలియనివాళ్లకు చెప్పుకుంది. అందులో ఏముందో నేను అప్పుడే గ్రహించి ఉండాల్సింది.

హైదరాబాదు నుంచి ఎడిటరమ్మ ఫోన్ చేసింది. మంచి పిల్ల, మొహమాటస్తురాలు. "మేడమ్, బొమ్మ చాలా బాగుంది. కానీ తినేది పట్టుకున్న చేతులు కదా, పిల్లలు చూసేది. కొంచెం శుభ్రంగా ఉంటే బాగుంటుందేమో" అంది. ఇదే పిల్లతో ఒకసారి వేరే పుస్తకంలో మేక రంగు గురించి నాలుగు రోజులు పోట్లాడాను. ఈసారి మాత్రం సరేనన్నాను. భయపడి కాదు, కారణం వేరే. అప్ప చేతులు అప్పటికి నిజంగానే తెల్లబడిపోయాయి. నలుపు పొరలు పొరలుగా రాలిపోయి, కింద నుంచి లేత చర్మం వచ్చింది. గోళ్లు తీసేటప్పుడు వాటిని చూసి నేను ముచ్చటపడేదాన్ని. ఎప్పుడూ దాచుకున్న మనిషి కదా, పుస్తకంలోనైనా శుభ్రమైన చేతులు చూసుకుంటే సంతోషిస్తుంది అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పను?

నా పని తీరు ఒకటి ఇక్కడ చెప్పాలి. నేను కాగితం మీద నేర్చుకున్నదాన్ని. టాబ్లెట్ వచ్చాక దాన్నీ కాగితంలాగే వాడుతున్నాను. ఇప్పటి పిల్లలు ఒక్కో రంగు ఒక్కో పొర మీద వేస్తారు, పాతది కింద భద్రంగా ఉంటుంది. నాకు అది చేతకాదు, నచ్చదు కూడా. నేను అంతా ఒకే పొర మీద వేస్తాను, తప్పనిపిస్తే దాని మీదే దిద్దుతాను. అలాగే దిద్దాను. నలుపంతా పోయింది, గోరు మూల నిండింది. అరగంట పని. సేవ్ చేసి, ఎడిటరమ్మకు ఇచ్చిన లింకులో పాతదాని స్థానంలో కొత్తది పెట్టేశాను.

పుస్తకాలు కొరియర్లో ఒక డయాలసిస్ రోజున వచ్చాయి. అప్ప మిషన్ మీద ఉంది. ఆగలేక నేరుగా వార్డుకే పట్టుకెళ్లాను. ఒక చెయ్యి సూదులతో కట్టేసి ఉంది, రెండో చెయ్యి చాపింది. మణికట్టు కాదు, చెయ్యే చాపింది. నేను ఆరో పేజీ తీసి పెట్టాను. పక్క మంచాలవాళ్లు, లేవలేనివాళ్లు కూడా, తలలు ఎత్తారు. పుస్తకం మంచం మంచానికీ తిరిగింది. సేతులు ఎంత బాగున్నాయో అన్నారు, దొరసాని సేతుల్లాగున్నాయన్నారు. ఒక ముసలాయన మాత్రం, మరి నల్లగుంటాయన్నావు కదమ్మా అని అడిగాడు. అప్ప నవ్వింది, ఆ గుమాస్తా ముందు నవ్విన నవ్వే. పుస్తకం మూసి పొట్ట మీద పెట్టుకుని, సూదులు తీసేదాకా కళ్లు మూసుకుని పడుకుంది.

ఇంటికి వస్తుంటే ఆటోలో అడిగాను, నచ్చలేదా అని. అప్ప పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇయి మంచానున్నదాని సేతులే. నాను నీకిచ్చినయి పనిసేసిన సేతులు."

నాకు రోషం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు రోషం ముందొస్తుంది. నువ్వే కదా ఎప్పుడూ దాచుకునేదానివి, నీకోసమే చేశాను అని అరిచాను. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు.

"దాసుకున్నది బయటోల్ల కాడ" అంది అప్ప. "నీకాడ దాసినానా?"

ఆటో దిగేటప్పటికి ఆమె రెండు చేతులూ కొంగు కింద ఉన్నాయి. ఆ తర్వాత ఇంట్లో కూడా, నా ముందు కూడా, అవి అక్కడే ఉన్నాయి.

పాత బొమ్మ కోసం వెతికాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. టాబ్లెట్లో లేదు, లింకులో లేదు. ఎడిటరమ్మ పాపం, నా ఏడుపు విని తన దగ్గరున్నవన్నీ తిరగేసి ఒక చిన్న బొమ్మ పంపింది. అందులో పుస్తకం మొత్తం పేజీలు అగ్గిపెట్టె అంత చోటులో ఉన్నాయి, అప్ప చేతులు పెసరగింజంత. పెద్దది చేస్తే నల్లటి గళ్లు తప్ప ఏమీ లేవు. బడి రిజిస్టరులో ఆ వేలిముద్ర అయినా ఉంటుందేమోనని వెళ్లి అడిగాను. పాతవన్నీ తుపానుకు తడిసి పోయాయన్నారు. అప్ప వేళ్ల మీదే చూద్దామంటే అక్కడా నలుపు పోయింది. కళ్లు మూసుకుని వెయ్యబోతే గోరు ఏ మూల లేదో కూడా నాకు గుర్తురాలేదు. కుడివైపా, ఎడమవైపా? జన్మంతా అన్నం పెట్టిన చెయ్యి అది. లోపలికి వెళ్లి, కొంగు తీసి చెయ్యి చూపించమని అప్పను అడగడానికి సిగ్గేసింది.

ఎడిటరమ్మ మళ్లీ అచ్చుకు వెళ్లేటప్పుడు పేజీ మారుస్తామంది, నల్లచేతులే వెయ్యమంది. అప్ప పనిచేసిన ఫ్యాక్టరీకి వెళ్లాను. అప్ప పక్క మిషన్ మీద పాతికేళ్లు కోసిన వదిన అక్కడే ఉంది. వరస లేదు గానీ చిన్నప్పటి నుంచి వదినా అనే పిలుస్తాను. బతిమాలితే భోజనాల వేళ చేతులు చాపింది. ఆవిడ చేతులు వేసుకుని ఇంటికొచ్చాను. అప్పకు ఏమీ చెప్పకుండా, ఇవి నీవేనన్నట్టు చూపించాను. మళ్లీ అదే తెలివి.

అప్ప ఒక్కసారే చూసింది. "ఇయి నా పక్క మిషన్ దానియి" అంది. "దాని బొటనేలు అలాగ బయటికుంటాది. నలుపు గోరు కాడే ఆగిపోతాది, దానికి ఆముదం ఎక్కువ పుయ్యడం అలవాటు."

నేను కింద కూర్చుని ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. నీవి పోగొట్టాను అప్పా అన్నాను. కొంగు కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా తల మీద ఆగింది. మెత్తగా ఉంది. నాకు తెలిసిన చెయ్యి గరుకుగా ఉండేది, వెంట్రుకలు పట్టుకునేది.

"దానియే ఎయ్యి" అంది. "దాని సేతులు మాత్రం ఎవలు ఏసినారు?"

ఆ తర్వాత రెండు నెలలు బతికింది. పోయిన రోజు ఫ్యాక్టరీ ఆడవాళ్లందరూ పని ఆపుకుని వచ్చారు. నీళ్లు పోసింది వాళ్లే. వదిన పసుపు రాస్తూ రాస్తూ అప్ప చేతుల దగ్గర ఆగిపోయింది. అన్ని నల్లచేతుల మధ్య అవి రెండే తెల్లగా ఉన్నాయి. వదిన అప్ప వేళ్లు ఒక్కొక్కటే నిమిరి, ఇది ఎవలిదో అనిపిస్తందే అని గొల్లుమంది. నేను గోరు వంక చూశాను. ఎడమవైపు మూల. ఇప్పుడు తెలుసు, వేసి చూపించడానికి మనిషి లేదు.

కొత్త అచ్చు పుస్తకం వచ్చిన రోజు వదిన దగ్గరికి తీసుకెళ్లాను. ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే ఆరో పేజీ తీశాను. ఆవిడ నమ్మలేక తన బొటనవేలు బొమ్మలోని బొటనవేలి పక్కన పెట్టి చూసుకుంది. మీ అప్ప ఉంటే ఎంత నవ్వీదో అంది. చెయ్యి తీసేసరికి కాగితం మీద, కొబ్బరుండ పక్కన, నల్లటి ముద్ర పడింది. ఆవిడ గాభరా పడి, "అయ్యో పాపా, పాడుసేసీసినాను" అంటూ కొంగుతో తుడవబోయింది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. తుడవకు వదినా, ఉండనీ అన్నాను. ఈ ఒక్క మాట పదో ఏట ఆ మేక బొమ్మ దగ్గర అని ఉంటే, అప్పది ఒక వేలి గుర్తయినా ఈ రోజు నా దగ్గర ఉండేది.